‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో ఎంతవరకు చరిత్ర? ఎక్కడ నుంచి కథ?

మీరు అడిగింది ఇదీ: టీవీలో కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది, ఇంట్లో అందరూ చూశారు. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయికి స్కూల్లో అల్లూరి మీదే ప్రాజెక్ట్ ఇచ్చారు. సినిమాలో ఉన్నది ఉన్నట్టు రాసేయొచ్చా, రాజుని చంపించింది ఇంగ్లీషు అధికారి రూథర్‌ఫర్డేనా, సీత అనే అమ్మాయి నిజంగా ఉందా అని.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయించకండి. మన్యం జనం కష్టాలు, పోలీస్ స్టేషన్ల మీద దాడులు, రాజుతో కలిసి పోరాడిన గాం సోదరులు, చివరికి తుపాకీతో కాల్చేయడం, ఈ వరస నిజం. సీతతో ప్రేమ, రూథర్‌ఫర్డ్‌తో ఎదురెదురుగా నిలబడి చెప్పే డైలాగులు సినిమా కోసం రాసుకున్నవి. రాజుని కాల్పించింది మేజర్ గుడాల్ అనే సైనికాధికారి. సీత గురించి నేను చదివిన పుస్తకాల్లో నమ్మదగ్గ ఆధారం నాకైతే కనపడలేదు.

నేను నర్సీపట్నం వైపు హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏటా పిల్లల్ని, రాజుని దహనం చేసిన కృష్ణదేవిపేట తీసుకెళ్ళేవాణ్ణి. మీ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట్లో ఊళ్ళలో పెద్దవాళ్ళు ఏది చెబితే అదే చరిత్ర అనుకుని నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. ఒకసారి కొయ్యూరు దగ్గర ఒక ఊళ్ళో ఎనభై దాటిన తాత దొరికాడు. అరుగు మీద కూర్చుని, రాజు చివరి ఘడియల్లో దొరతో ఏమన్నాడో చేతులు ఊపుతూ చెబుతున్నాడు. నేను గబగబా రాసుకుంటున్నాను. రెండో పేజీకి వచ్చేసరికి అనుమానం వచ్చింది. ఈ మాటలు ఎక్కడో విన్నానే!

“తాతా, ఇదంతా నీకెవరు చెప్పారు?”

“మా అయ్య.”

“మీ అయ్య అప్పుడు అక్కడున్నాడా?”

“అక్కడెలాగుంటాడు బాబూ! పోలీసోళ్ళకి భయపడి కొండెక్కేసినాడు కదా.”

లోపల్నుంచి కోడలు నవ్వింది. “మొన్న పండక్కి ఊళ్ళో వీడియో వేశారు సార్. అందులోదే చెబుతున్నాడు మా మావ” అంది.

పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. ఇంక లేద్దాం అనుకుంటుంటే తాత తనంతట తనే ఇంకో సంగతి మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ చెప్పిందట. పోలీసు పటాలం ఊళ్ళో దిగితే ముందు కోళ్ళు పోయేవట. తర్వాత గాదెలో గింజలు. ఇంట్లో ఉన్న మనుషులకి సరిపోయేదానికన్నా ఎక్కువ దంచితే, ఈ బియ్యం ఎవరికి అని అడిగేవారట. అందుకని ఆడవాళ్ళు రోలు మీద గోనె పరుచుకుని, చప్పుడు బయటికి రాకుండా దంచుకునేవాళ్ళట. ఇది ఏ సినిమాలోనూ లేదు. మళ్ళీ పెన్ను తీశాను.

అప్పటినుంచి నాకో లెక్క ఉంది. ఎవరైనా చెప్పే కథలో పొడుగాటి డైలాగ్ ఉంటే అది సినిమా నుంచి వచ్చినట్టే. బియ్యం, కూలి, కోళ్ళు, దారి పనులు వస్తే చెవి రిక్కించి వింటాను. తాత అబద్ధమాడాడని అనను. యాభై ఏళ్ళుగా ఆ సినిమా మా ప్రాంతంలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, సొంత నాన్న చెప్పిందేదో, తెర మీద చూసిందేదో ఆయనకే తేడా తెలియలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

సీత సంగతి. ఆయన అసలు పేరు శ్రీరామరాజు. ప్రభుత్వ కాగితాల్లో కూడా అలాగే ఉంటుంది. ‘సీతారామరాజు’ తర్వాత జనం నోట స్థిరపడిన పేరు. సీత అనే అమ్మాయిని ప్రేమించి, ఆమె జ్ఞాపకంగా పేరు ముందు చేర్చుకున్నాడన్న కథ సినిమాతో ఊరూరా పాకింది. హీరో అన్నాక హీరోయిన్ ఉండాలి, విజయనిర్మల ఉన్నాక పాట ఉండాలి. ‘వస్తాడు నా రాజు’ పాట నాకూ ఇష్టమే, ఇప్పటికీ రేడియోలో వస్తే పని ఆపి వింటాను. ప్రాజెక్ట్‌లో మాత్రం అది వద్దు.

పుట్టుక వివరాలు: 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, తల్లి పుట్టింట్లో. కొన్ని పుస్తకాల్లో 1898 అని ఉంటుంది. టీచర్ అడిగితే రెండూ చెప్పమనండి. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి ఫోటోగ్రాఫర్, రాజు చిన్నప్పుడే పోయారు. చదువు ఊరూరా తిరుగుతూ సాగింది, పెద్దగా సాగలేదు కూడా. తర్వాత ఉత్తరాది యాత్రలు చేసి వచ్చి కృష్ణదేవిపేటలో సన్యాసిలా స్థిరపడ్డారు.

ఇక్కడ పిల్లలు దాటేసే సంగతి ఒకటుంది. తుపాకీ పట్టకముందు ఆయన గాంధీ గారి సహాయ నిరాకరణ ప్రభావంలో ఉన్నారు. ఖద్దరు కట్టారు. తాగుడు మానమన్నారు, కోర్టులకు పోకుండా తగాదాలు పంచాయితీల్లో తీర్చుకోమన్నారు. అందుకే పితూరీకి (తిరుగుబాటుకి) ముందే ఆయన మీద ప్రభుత్వానికి అనుమానం వచ్చింది, పిలిపించి నిఘాలో పెట్టారు. అయితే బలప్రయోగం లేకుండా స్వరాజ్యం రాదని కూడా ఆయన నమ్మారు. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇమిడాయని మీ అబ్బాయిని రాయమనండి. మంచి మార్కులు వస్తాయి.

పితూరీ ఎందుకు వచ్చింది? ప్రాజెక్ట్‌లో ఎక్కువ పేజీలు దీనికే ఇవ్వాలి. సినిమాకి విలన్ కావాలి, చట్టాన్ని విలన్‌గా చూపించడం కష్టం. మన్యంలో మాత్రం అసలు విలన్ చట్టమే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైపోయింది. కొండ వాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లుకునే పోడు వ్యవసాయానికి అడ్డం పడ్డారు. కట్టె తెచ్చుకున్నా, పశువుల్ని తోలినా నేరమైంది. అంతకుముందే కల్లు మీద పన్ను గొడవ ఉంది. కొండ మీద జీలుగు కల్లు అంటే సగం ఏడాది ఆహారం కిందే లెక్క. దాని మీద పన్నేస్తే ఊరుకుంటారా? 1879లో రంప పితూరీ రావడానికి అదొక పెద్ద కారణం.

రెండోది ముఠాదారులు. ఇప్పుడు ‘ముఠా’ అంటే దొంగల గుంపు గుర్తొస్తుంది, కాబట్టి అబ్బాయికి ఈ మాట విడమరిచి చెప్పండి. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ళ సముదాయం. దాని మీద శిస్తు వసూలు చేసే పెద్ద ముఠాదారు. తరతరాలుగా వస్తున్న ఈ హక్కుని ఇంగ్లీషువాళ్ళు కోసేసి, వాళ్ళని తమ నౌకర్ల స్థాయికి దించారు. గాం గంటం దొర బట్టిపనుకుల అనే ఊరికి మునసబుగా, అంటే గ్రామాధికారిగా ఉండి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఆయన తమ్ముడు మల్లు దొర. కడుపు మండిన ముఠాదారులూ మునసబులూ, కడుపు కాలిన మామూలు జనమూ, వీళ్ళిద్దరినీ కలిపిన నాయకుడు రాజు. మన్యం పితూరీలు ఆయనతో మొదలవలేదు. అంతకుముందు ఎన్నో వచ్చాయి, 1915-16లో లాగరాయి పితూరీ కూడా జరిగింది. రాజు మైదానం నుంచి వెళ్ళిన క్షత్రియుడు. కొండవాళ్ళు ఆయన్ని ఎందుకు నమ్మారన్నదే అసలు ప్రశ్న. జబ్బులకి మందులిచ్చాడు, జాతకం చూశాడు, వాళ్ళ మధ్య బతికాడు, వాళ్ళ తగాదాలు తీర్చాడు. సినిమా చూస్తే కృష్ణ రాగానే అందరూ వెనక నడిచినట్టుంటుంది. అసలు దానికి కొన్నేళ్ళు పట్టింది.

మూడోది రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా ఘాట్‌లో రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత వెట్టి చేయించాడు. సరిగ్గా కూలి ఇవ్వలేదు, ఎదురు తిరిగితే కొరడా. ఈ రోజు లంబసింగిలో మంచు చూడ్డానికి కార్లలో వెళ్ళేవాళ్ళు ఆ ఘాట్ ఎక్కుతుంటే మా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: ఈ మలుపులు కోసిన చేతులకి కూలి ముట్టలేదు.

దాడులు. ఇక్కడ సినిమా చాలావరకు చరిత్ర దారిలోనే నడుస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులు పట్టుకెళ్ళారు. రాజవొమ్మంగి స్టేషన్లో ఖైదులో ఉన్న మొట్టడం వీరయ్య దొరని విడిపించారు. తీసుకున్న ఆయుధాల జాబితా రాసి సంతకం పెట్టి వెళ్ళేవారని మా ప్రాంతమంతా గర్వంగా చెప్పుకుంటారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపుకాసి కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని చంపారు. ఆ దెబ్బతో మద్రాసు ప్రభుత్వానికి ఇది మామూలు దోపిడీ ముఠా కాదని తెలిసొచ్చింది.

‘మిరపకాయ టపా’ కూడా మావైపు అందరికీ తెలుసు. ఫలానా రోజు వస్తున్నాం, చేతనైతే ఆపుకోండి అని ముందే కబురు పంపడం. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది. కానీ దీనికి మూల్యం కూడా ఉందని చెప్పాలి. అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్ మీద పడేసరికి పోలీసులు ఆయుధాలు ముందే దాచేశారు. అక్కడ ఒక్క తుపాకీ దొరకలేదు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబార్ పోలీసులతో జరిగిన పోరులో రాజు దళం గట్టిగా దెబ్బతింది. మెషిన్ గన్ ముందు నాటు తుపాకీ ఏం చేస్తుంది?

ఆ తర్వాత ఏడాదిన్నర కాలాన్ని సినిమా గబగబా దాటేస్తుంది. ఏ సినిమా అయినా దాటేస్తుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఆకలే. 1923 ఏప్రిల్‌లో రాజు పట్టపగలు అన్నవరం కొండకి వచ్చి సత్యదేవుణ్ణి దర్శించుకుని వెళ్ళారు, జనం హారతులు పట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మల్లు దొర దొరికిపోయాడు. రాజు తల మీద పదివేలు, గంటం దొర, మల్లు దొరల మీద వెయ్యేసి. ఆ రోజుల్లో పదివేలంటే మన్యంలో మనిషి ఏడు తరాలు కూర్చుని తినొచ్చు. అయినా ఏళ్ళ తరబడి ఆచూకీ చెప్పినవాడు లేడు. నా దృష్టిలో సినిమాలోని ఏ ఫైటింగ్ కన్నా ఇదే పెద్ద సీను. కెమెరాకి అందదు, అంతే. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ అనే సాయుధ దళం దిగాక ఊళ్ళకి తిండి దారులు మూసేశారు. ఆ తాత చెప్పిన రోలు చప్పుడు ఈ కాలందే అయ్యుండాలి.

రూథర్‌ఫర్డ్. సినిమాలో జగ్గయ్య గారు ఆ పాత్రకి అంత హుందాతనం తెచ్చారు కాబట్టి, రెండేళ్ళ పోరాటమంతా రాజుకీ రూథర్‌ఫర్డ్‌కీ మధ్యే జరిగిందనిపిస్తుంది. అసలు రూథర్‌ఫర్డ్ మన్యానికి స్పెషల్ కమిషనర్‌గా వచ్చింది 1924 ఏప్రిల్ 17న. రాజు చనిపోయింది మే 7న. మధ్యలో మూడు వారాలు కూడా నిండలేదు. అయితే ఆయన పాత్ర చిన్నదని కాదు. రాజు ఆచూకీ చెప్పకపోతే ఊళ్ళ గతేమవుతుందో చూడండి అని జనాన్ని హింసించింది ఆయన పాలనలోనే. తర్వాత ఇదే మనిషి పైపైకి ఎదిగి బీహార్ గవర్నర్ అయ్యాడు, 1943 కరువు కాలంలో బెంగాల్‌కి కూడా తాత్కాలిక గవర్నర్‌గా పనిచేశాడు.

రాజు మే 7 ఉదయం మంప దగ్గర స్నానం చేస్తుండగా పోలీసులకి దొరికారు. జనం పడే బాధ చూడలేక తనంతట తనే దొరికారని మావైపు గట్టిగా నమ్ముతారు. అక్కణ్ణుంచి కొయ్యూరు తీసుకెళ్ళారు. అక్కడ గుడాల్ ఉన్నాడు. విచారణ లేదు, కోర్టు లేదు, కాల్చేశారు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు చెప్పుకుంది. చెట్టుకి కట్టి కాల్చారని జనం అంటారు. కట్టేసి తీసుకుపోతున్న మనిషి ఎక్కడికి పారిపోతాడని మా పిల్లలు అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నే ప్రాజెక్ట్‌లో రాయమనండి. శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చి, ఫోటో తీయించి, మర్నాడు దహనం చేశారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు.

సినిమాలో ఆ చివరి సీను అలా ఎందుకు రాశారని నాకు కోపం లేదు. కొయ్యూరులో జరిగింది జరిగినట్టు తీస్తే అరనిమిషం. ఇంగ్లీషువాడి మొహం మీద అనాల్సిన మాటలు కొన్ని మనకి మిగిలిపోయాయి, అవి త్రిపురనేని మహారథి గారు రాశారు, కృష్ణ గారు అన్నారు. 1974లో నేను ఆరో తరగతి. మా నాన్న భుజం మీద తువ్వాలు వేసుకుని హాల్లో కూర్చుని ఏడ్చిన ఒకే ఒక్క సినిమా అది.

సినిమా గురించి కూడా ఒక పేజీ పెట్టొచ్చు, అది కూడా చరిత్రే. 1974 మే 1న విడుదల, కృష్ణ గారి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్. యూనిట్‌ని చింతపల్లి అడవుల్లోకి తీసుకెళ్ళి, అసలు దాడి జరిగిన చోటికి దగ్గర్లోనే తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు గారు సినిమా పూర్తవకుండానే చనిపోతే, ఫైట్లు కె.ఎస్.ఆర్. దాస్ గారు, మిగిలింది కృష్ణ గారే చూసుకుని, తెర మీద పేరు మాత్రం రామచంద్రరావు గారిదే ఉంచారు. ‘తెలుగు వీర లేవరా’ రాసినందుకు శ్రీశ్రీ గారికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట పాడినవాళ్ళలో ఒకరైన ఘంటసాల గారు సినిమా విడుదలకి రెండున్నర నెలల ముందే కన్నుమూశారు.

మీ అబ్బాయి ‘ఆర్ఆర్ఆర్’ కూడా చూసే ఉంటాడు. దాని గురించి ఒకటే మాట: అది కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు. రాజు ఎప్పుడూ పోలీసు ఉద్యోగం చేయలేదు. కొమురం భీం పోరాడింది నిజాం మీద, 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యారు. వీళ్ళిద్దరూ కలిసినట్టు ఎక్కడా లేదు.

ఇంకొకటి. పిల్లలందరూ మే 7తో ప్రాజెక్ట్ ముగిస్తారు, సినిమా అక్కడ ముగుస్తుంది కాబట్టి. పితూరీ అక్కడ ఆగలేదు. గంటం దొర దళం ఇంకో నెల కొట్లాడింది, జూన్‌లో ఆయన్నీ కాల్చేశారు. రాజు దళంలోని అగ్గిరాజుని అండమాన్ పంపారు, తిరిగి రాలేదు. మల్లు దొరకి ముందు ఉరిశిక్ష పడి, తర్వాత అండమాన్ జైలుగా మారింది. ఆయన బతికి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభకి వెళ్ళాడు. ఉరికంబం దాకా వెళ్ళిన మన్యం మనిషి ఢిల్లీలో ఎంపీగా కూర్చున్నాడంటే, మా క్లాసులో ఏటా ఎవడో ఒకడు “నిజమా సార్?” అని అడిగేవాడు.

చివరగా అట్ట మీద బొమ్మ సంగతి. ఒక ఏడాది మా బడి ఎగ్జిబిషన్‌కి ఒక పిల్లాడు చార్ట్ చేశాడు. కాషాయం, గడ్డం, విల్లంబులతో రాజు బొమ్మ, కింద గుండ్రటి అక్షరాలతో ‘అల్లూరి సీతారామరాజు, 1897–1924’. నేనే దగ్గరుండి గోడకి తగిలించాను. చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఒకరు కళ్ళజోడు సవరించుకుని నా చెవిలో అన్నారు: “మాస్టారూ, ఇది కృష్ణ గారి క్యాలెండర్ కదా?”

మీ వాడు ఏ బొమ్మ అతికించాడో ఓసారి చూడండి.